చదవగలిగినదానికన్నా ఎక్కువ పుస్తకాలు కొంటున్నారా? చెన్నై తెలుగు పాఠకులకు ఒక పద్ధతి

చెన్నైలో ఉంటూ తెలుగు చదివేవాళ్ళకి పుస్తకాలు ఎక్కువ కొనడానికి ఒక గట్టి కారణమే ఉంది. తెలుగు పుస్తకం కావాలంటే విజయవాడో హైదరాబాదో వెళ్ళినప్పుడు తెచ్చుకోవాలి, లేదా తెప్పించుకోవాలి. పైగా మనవాళ్ళు చాలా పుస్తకాలు ఐదు వందలో వెయ్యో కాపీలు వేస్తారు. అవి అయిపోయాక మళ్ళీ అచ్చవుతాయన్న భరోసా లేదు. "ఇప్పుడు తీసుకోకపోతే ఇక దొరకదు" అన్న భయం చాలాసార్లు నిజమే. కొనడం మానేయమని చెప్పేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. ఏది వెంటనే కొనాలో, ఏది ఆగొచ్చో తెలిస్తే చాలు. కొన్నవాటిని చదివే వరసలోకి తేవడం, ఈ ఉప్పుగాలిలో పాడవకుండా ఉంచడం, చివరికి సరైన చేతికి అందించడం ఆ తరవాతి పనులు.

ముందు లెక్క తేల్చండి

ఒక పూట ఖాళీ చేసుకోండి. బీరువాలో ఉన్నవి, మంచం కిందవి, అటక మీద అట్టపెట్టెల్లో ఉన్నవి, ఆఫీసు బల్ల మీద వదిలేసినవి అన్నీ ఒకే గదిలోకి తెచ్చి నాలుగు కుప్పలు పెట్టండి: చదివేసినవి, సగంలో ఆగినవి, అసలు తెరవనివి, నిఘంటువుల్లా అవసరమైనప్పుడు తీసి చూసుకునేవి. ఈ నాలుగో కుప్పని లెక్కలోకి తీసుకోవద్దు. నిఘంటువుని ఎవరూ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవరు. అది ఇంట్లో ఉంటే చాలు.

సగంలో ఆగినవి, తెరవనివి మాత్రం ఒక నోటుబుక్కులోకి ఎక్కించండి. ఒక్కో పుస్తకానికి ఒక్క వరస. పేరు, పేజీల సంఖ్య, ఉజ్జాయింపుగా కొన్న సంవత్సరం, ఎందుకు కొన్నారు. ఈ చివరి గడి దగ్గరే అసలు పని జరుగుతుంది. "ఫలానా వ్యాసంలో దీని ప్రస్తావన చూసి", "సభలో రచయిత ఎదురుగా ఉన్నారని", "ఆ శ్రేణిలో మిగతా మూడు ఉన్నాయి కాబట్టి", "సగం ధరకి వచ్చింది" అని ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎంత తలచుకున్నా కారణం గుర్తు రాని పుస్తకాలు కొన్ని తేలతాయి. వాటి పక్కన ఒక చుక్క పెట్టి వదిలేయండి, చివర్లో వాటితో పని ఉంది.

ఫోనులో రాసుకోవచ్చు కదా అనిపిస్తుంది. రాసుకోవచ్చు గానీ, కొట్లో నిలబడి ఆ ఫైలు వెతికి తెరిచేవాళ్ళు తక్కువ. సంచిలో పట్టే చిన్న నోటుబుక్కు మేలు. ఒకే పుస్తకాన్ని రెండోసారి కొనకుండా కూడా అది కాపాడుతుంది. పాత నవలలు కొత్త అట్టతో వచ్చినప్పుడు ఈ పొరపాటు తరచూ జరుగుతుంది.

మీ చదువు వేగం ఎంతో చూసుకోండి

వారం రోజులపాటు చదవడం మొదలుపెట్టిన సమయం, ఆపిన సమయం, ఎన్ని పేజీలయ్యాయో పుస్తకంలో పెట్టుకునే గుర్తు కాగితం మీదే రాయండి. మామూలు వచనమైతే అరగంటకి 15 నుంచి 20 పేజీలు చాలామందికి సాధ్యం. గ్రాంథికంలో ఉన్న పాత వ్యాసాలకీ, పద్యకావ్యాలకీ అందులో సగం కూడా కాకపోవచ్చు.

రోజుకి 20 పేజీలనుకుందాం. జ్వరాలు, పెళ్ళిళ్ళు, ఆఫీసు ఒత్తిళ్ళు తీసేసి ఏడాదికి 300 రోజులే లెక్కేస్తే 6,000 పేజీలు. సగటున 200 పేజీల పుస్తకాలైతే 30. మీ నోటుబుక్కులో తెరవనివి 240 ఉంటే ఈ రోజు నుంచి ఒక్కటి కూడా కొనకుండా ఎనిమిదేళ్ళు చదవాలి. ఈ అంకె చూసి బెంగ పడి అన్నీ అమ్మేయాలని తొందరపడేవాళ్ళున్నారు. వద్దు. ఏడాదికి ఎన్ని కొంటే కుప్ప పెరగదో చెప్పడం వరకే దీని పని. 30 చదివేవాళ్ళు 20 కొంటే ఏడాదికి పది తగ్గుతాయి. అది చాలు.

తెరవనివాటికి ఒక్క అర, అంతే

తెరవని పుస్తకాలని చదివినవాటితో కలిపి పెడితే అవి అందులో మాయమైపోతాయి. కూర్చున్నప్పుడు కంటికి ఎదురుగా ఉండే ఎత్తులో వాటికి ప్రత్యేకంగా ఒక అర కేటాయించండి. 200 పేజీల అట్టబైండు లేని పుస్తకం, వాడే కాగితాన్ని బట్టి, ఒక సెంటీమీటరు పైచిలుకు మందం ఉంటుంది. లావువీ సన్నవీ కలిపి సగటున 2 సెంటీమీటర్లనుకుంటే మూడడుగుల అరలో 45 దాకా నిలబడతాయి. చేతికి సులువుగా రావాలంటే 40కి ఆపండి. అంటే పైన చెప్పిన వేగానికి ఏడాది మీద కొంచెం చదువు. మిగతావి మరో చోట ఉండొచ్చు, కానీ ఈ అరలో ఖాళీ అయినప్పుడే అక్కణ్ణించి ఒకటి ఇటు రావాలి.

అర వేయించేటప్పుడు ఒక మాట. పుస్తకాల బరువు వడ్రంగి ఊహించేదానికన్నా ఎక్కువ. మీటరు పొడవున్న వరస 20 నుంచి 30 కిలోల దాకా తూగుతుంది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డుకి రెండున్నర అడుగులు దాటి మధ్యలో ఆధారం లేకపోతే రెండు మూడేళ్ళలో నడుం వంగుతుంది. మూడడుగులు కావాలంటే మధ్యలో నిలువు చెక్క పెట్టించండి. ఇనప ర్యాకులు కొనేవాళ్ళు కింది అరని నేలకి కనీసం అడుగు ఎత్తులో బిగించుకోవాలి. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులోనూ కింది అంతస్తుల్లోకి నీళ్ళొచ్చిన ఊరు ఇది. అద్దె ఇల్లు కింది అంతస్తయితే, దొరకనివన్నీ పై అరల్లోకి, మళ్ళీ కొనుక్కోగలిగేవి కిందకి.

కొనేముందు ముద్రణ వివరాల పేజీ తిప్పండి

ఏ కొట్లోనైనా మొదట చూడాల్సింది అట్ట కాదు, దాని వెనక రెండు మూడు పేజీల తరవాత ఉండే ముద్రణ వివరాలు. మన పుస్తకాల్లో ఒక మంచి అలవాటుంది, ఎన్నో ముద్రణో, ఎన్ని ప్రతులో చాలామంది అక్కడ వేస్తారు. "ప్రథమ ముద్రణ, ప్రతులు: 500" అని ఉండి, ప్రచురణకర్త స్థానంలో రచయిత ఇంటి చిరునామా ఉంటే అది ఆగితే పోయే పుస్తకం. చదువుతారన్న నమ్మకం ఉంటే ఆలోచించకుండా తీసుకోండి. చిన్న పత్రికలు తెచ్చిన ప్రత్యేక సంచికలు, ప్రాంతీయ చరిత్రలు, స్థానిక మాండలిక పదకోశాలు, విశ్వవిద్యాలయాలు ఎప్పుడో వేసిన సిద్ధాంత గ్రంథాలు కూడా ఈ జాతివే.

పెద్ద ప్రచురణ సంస్థ వేసిన నాలుగో ముద్రణ, ఐదో ముద్రణ అయితే తొందరేమీ లేదు. అందరూ మాట్లాడుకుంటున్న ఇంగ్లీషు పుస్తకమైతే మరీ నిదానించొచ్చు, రెండేళ్ళు ఆగితే పాతపుస్తకాల కొట్టుకి వచ్చేస్తుంది. ఇలాంటివాటిని నోటుబుక్కు వెనక వైపు తేదీ వేసి రాసుకుని 30 రోజులు ఆగండి. నెల తరవాత కూడా ఆ పేరు చూడగానే చదవాలనిపిస్తే కొనండి. చాలా పేర్లు నెల కూడా నిలవవు.

మూడో రకం అసలు కొనక్కర్లేనివి. మన దేశంలో రచయిత చనిపోయిన ఏడాది గడిచాక మరో 60 ఏళ్ళకి ఆ రచనల మీద హక్కులు ముగుస్తాయి. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి ఎప్పుడో ఆ గీత దాటారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు వేల సంఖ్యలో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అక్కడ పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో రకరకాల గుణింతాలతో వెతకాలి. ఒకే పుస్తకం మూడు స్పెల్లింగులతో ఉంటుంది, ఒక దాంట్లో కనపడకపోతే లేదనుకోవద్దు. మంచి పీఠికతో, పాఠాంతరాలతో పరిష్కరించిన ప్రతి అయితే మాత్రం కొనండి. స్కాన్ ఉందని దాన్ని వదులుకోకూడదు.

కొనబోయే ప్రతి పుస్తకాన్నీ కొట్లోనే మధ్యలో తెరిచి రెండు పేజీలు చదవాలి. ముందుమాట, వెనక అట్ట మీద మాటలు కొనిపించడానికి రాసినవి. రచయిత చేయి ఎలాంటిదో నూరో పేజీలో తెలుస్తుంది. అక్కడ రెండు పేజీలు నిలబడి చదవలేకపోతే ఇంటికొచ్చాక కూర్చుని కూడా చదవరు.

అదుపు తప్పే చోట్లు

జనవరి పుస్తకాల పండగ మొదటిది. దక్షిణ భారత పుస్తక విక్రేతలు, ప్రచురణకర్తల సంఘం (బపాసి) 1977 నుంచి నడుపుతున్న చెన్నై పుస్తక ప్రదర్శన సంక్రాంతికి ముందు వెనకల జరుగుతుంది. ఇటీవలి ఏళ్ళలో నందనం వైఎంసీఏ మైదానంలో పెడుతున్నారు. తమిళ పుస్తకాలదే పెద్ద పీట, ఇంగ్లీషూ ఉంటుంది. మామూలుగా పది శాతం తగ్గిస్తారు. ఆ పది శాతమే మూడు పుస్తకాలు ఎక్కువ కొనిపిస్తుంది. వీలైతే రెండుసార్లు వెళ్ళండి. మొదటిసారి పేర్లు, స్టాలు నంబర్లు రాసుకుని ఖాళీ చేతులతో రండి. రెండోసారి ఇంట్లో అనుకున్న మొత్తాన్ని నోట్లుగా పట్టుకెళ్ళి ఒక్క గుడ్డసంచి తీసుకెళ్ళండి. ఫోనుతో కడుతుంటే ఎంత పోయిందో తెలియదు, పర్సులో నోట్లు తగ్గుతుంటే తెలుస్తుంది. ఒక్కసారే కుదిరేవాళ్ళు మొత్తం ఒక చుట్టు తిరిగాకే మొదటి పుస్తకం కొనాలి.

దాదాపు అదే రోజుల్లో, జనవరి మొదట్లో, విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. పండక్కి ఊరెళ్ళేవాళ్ళు రెండింటికీ కలిపి ఒకే మొత్తం పెట్టుకోవాలి. ఇందులో పెద్ద భాగం విజయవాడకే ఉంచమని మా సలహా. ఇక్కడ దొరికేవి ఏడాది పొడుగునా ఇక్కడే దొరుకుతాయి, అక్కడివి అలా కాదు.

రెండోది సభ. పుస్తకావిష్కరణకి వెళ్ళి వట్టి చేతులతో రావడం మనకి మొహమాటం. కొనండి, రచయితకి అది అవసరం కూడా. 500 కాపీలు సొంత డబ్బుతో వేసుకున్న మనిషికి ఆ సాయంత్రం అమ్ముడయ్యే 30 కాపీలు పెద్ద ఆసరా. అయితే చదవరని ముందే తెలిస్తే సంతకం మీ పేరుతో కాకుండా ఏదైనా గ్రంథాలయం పేరుతో చేయించి అక్కడికి పంపండి. రచయిత సంతోషిస్తారు, పుస్తకం ఎవరో ఒకరి చేతికి వెళుతుంది.

మూడోది ఇంటికి తెప్పించుకోవడం. రవాణా ఖర్చు తప్పించుకోవాలని ఒక పుస్తకం కోసం వెళ్ళి నాలుగు తెప్పించడం అందరూ చేసేదే. దానికి విరుగుడు, చదివే అలవాటున్న మూడు నాలుగు కుటుంబాలు కలిసి రెండు నెలలకోసారి ఒకే ఆర్డరు పెట్టడం. ఒక్కొక్కరు రెండేసి రాసినా పెట్టె నిండుతుంది, చదివాక మార్చుకోవడానికీ వీలవుతుంది. ఆవడిలో ఒకరు, పెరంబూరులో ఒకరు ఉన్నా నెలకోసారి కలవడం కష్టం కాదు.

పాతపుస్తకాల కొట్ల సంగతి వేరు. 1985లో మూర్ మార్కెట్ కాలిపోయాక అక్కడి వ్యాపారులు దగ్గర్లోనే అల్లికుళం వైపు చేరారు. మైలాపూరు లజ్ దగ్గరా, తిరువల్లిక్కేణి పైక్రాఫ్ట్స్ రోడ్డు మీదా కూడా పాతపుస్తకాలు అమ్మే చోట్లున్నాయి. అక్కడ తెలుగు పుస్తకం అరుదుగా తగులుతుంది, తగిలినప్పుడు పేజీలన్నీ ఉన్నాయో లేదో మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూడండి. కాగితం మూల మడిచి చూస్తే పెళుసుగా విరిగిపోతోందంటే అది చదవడానికి పనికిరాదు, స్కాన్ చేయించడానికే తీసుకోవాలి. అచ్చు మసకగా, అట్ట బొమ్మ అలికినట్టు ఉన్న కొత్త ఇంగ్లీషు పుస్తకం తక్కువ ధరకి ఇస్తుంటే అది దొంగ ముద్రణ. ముట్టుకోవద్దు.

పాతపుస్తకాన్ని నేరుగా అరలో పెట్టకండి. అందులో పురుగుల గుడ్లుంటే మీ బీరువా మొత్తానికి పాకుతాయి. గాలి పోని ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి డీప్ ఫ్రీజర్లో, మైనస్ 18 డిగ్రీల దగ్గర, రెండు వారాలుంచండి. బయటికి తీశాక సంచిని వెంటనే విప్పకూడదు, ఒక రోజంతా అలాగే వదిలేయాలి. లేకపోతే చల్లటి కాగితం మీద చెమ్మ పట్టి కొత్త తంటా మొదలవుతుంది. ఫ్రీజరు వీలుకాకపోతే సంచిలోనే మూడు వారాలు వేరుగా ఉంచి, పొడి రాలుతోందేమో చూడండి.

ఈ ఊరి తేమ

గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిపోతే బూజు పడుతుంది. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో అది దాటని రోజు తక్కువ. అందుకే బీరువాని గోడకి ఆనించకుండా రెండు మూడు అంగుళాలు ఎడంగా పెట్టండి, ముఖ్యంగా వాన కొట్టే బయటి గోడ అయితే. పుస్తకాలని వేలు దూరనంత బిగించకూడదు. అద్దాల తలుపుల బీరువాలని వాన లేని రోజున ఒక గంట తెరిచి ఫ్యాను వేయండి.

కలరా ఉండలు పురుగుల్ని దూరంగా ఉంచుతాయి గానీ బూజుని ఆపలేవు. పసిపిల్లలున్న ఇంట్లో అవి వద్దే వద్దు. వస కొమ్ములు, ఎండిన వేపాకు వాడే పాత అలవాటు మంచిదే, ఆకు పూర్తిగా ఎండాలి. పచ్చిది పెడితే దాని తేమే చేటు. సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు పురుగు జిగురుని, గంజిని తింటుంది కాబట్టి వెన్ను దగ్గరా, పాత బైండు అంచుల దగ్గరా ముందు వెతకండి. బూజు కనపడితే ఆ పుస్తకాన్ని వేరుచేసి, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టి, పూర్తిగా ఎండాకే ఇంటి బయట మెత్తటి బ్రష్షుతో దులపాలి. తడిగా ఉన్నప్పుడు తుడిస్తే బూజు కాగితంలోకి ఇంకుతుంది. ఎండలో పెడితే అట్టలు మెలి తిరుగుతాయి.

చదవడం

పాతవాటితో మొదలుపెట్టాలని చాలామంది అనుకుంటారు. పదేళ్ళ కిందట కొన్న 600 పేజీల పుస్తకం తీసి, నలభయ్యో పేజీలో ఆగి, దాంతో అన్నీ ఆగిపోతాయి. కొత్తగా కొన్నదాని మీద ఆసక్తి వేడిగా ఉంటుంది, దాన్ని ముందు చదవండి. దాని తరవాత 120 పేజీల లోపుది ఒకటి, ఆ తరవాత పాతది ఒకటి. ఇలా మూడేసి చొప్పున తిప్పితే వేగం పడిపోదు.

50 పేజీలు చదివాక పట్టకపోతే ఆపేయండి. తప్పేమీ లేదు. ఆపిన పేజీ నంబరు నోటుబుక్కులో రాసి, మళ్ళీ ఎప్పుడైనా తీస్తారో ఇచ్చేస్తారో అప్పుడే తేల్చండి. తేల్చకుండా అరలో పెడితే అది మళ్ళీ తెరవనివాటిలో కలుస్తుంది.

ఇంట్లో కుదరనివాళ్ళకి ఈ ఊళ్ళో మంచి చోట్లున్నాయి. 2010లో కొట్టూరుపురంలో తెరిచిన అన్నా శతవార్షిక గ్రంథాలయంలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవాళ్ళకి విడిగా ఒక విభాగముంది. ఒక్క పుస్తకమే తీసుకుని వెళ్ళండి. ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయం 1896 నుంచి ఉంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చేరాల్సిన నాలుగు గ్రంథాలయాల్లో ఇదొకటి. ప్రచురణకర్తలందరూ పంపుతారని కాదు గానీ, ఒకసారి చూసుకుంటే చాలనుకునే తెలుగు పుస్తకం కొనేముందు అక్కడ అడగడం తెలుగు పాఠకుడికి చెన్నైలో ఉన్న గొప్ప సౌకర్యం. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఇచ్చేయడం

చుక్క పెట్టిన పుస్తకాలతో మొదలుపెట్టండి. ఒక్కొక్కటి మధ్యలో తెరిచి రెండు పేజీలు చదవండి. పట్టుకుంటే అరలోకి, లేదంటే ఇచ్చే పెట్టెలోకి.

తూకానికి వేసేముందు మాత్రం ఒక్క పని తప్పనిసరి. పాత తెలుగు పుస్తకమైతే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, పెద్ద గ్రంథాలయాల జాబితాల్లోనూ ఉందేమో వెతకండి. ఎక్కడా కనపడకపోతే మీ చేతిలో ఉన్నది మిగిలిన కొద్ది ప్రతుల్లో ఒకటి కావచ్చు, అట్ట లేకపోయినా సరే. అలాంటిది చిత్తుకాగితాల కొట్టుకి వెళ్ళకూడదు. దాన్ని గ్రంథాలయానికి ఇవ్వండి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం చెన్నై-విజయవాడ రైలు దారిలోనే ఉంది. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయం ఉంది. పెట్టె కట్టి నేరుగా పంపేయకుండా, పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం, పుస్తకం స్థితి రాసిన జాబితా ముందు పంపి, ఏవి కావాలో చెప్పమని అడగండి. వాళ్ళకీ స్థలం కొరతే ఉంటుంది. కాలం చెల్లిన పోటీ పరీక్షల గైడ్లు, పాత సాఫ్ట్‌వేర్ పుస్తకాలు, పాత వైద్య సలహాల పుస్తకాలు ఎవరికీ ఇవ్వొద్దు. వాటికి తూకమే దారి.

ఊళ్ళో బడి గ్రంథాలయానికి పంపాలనుకుంటే, తపాలా శాఖ 2025 మే 1న మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ ఉంది. చదువుకి, సంస్కృతికి సంబంధించిన అచ్చు పుస్తకాలకి 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100 రూపాయలు, పన్నులు అదనం. విమానంలో కాదు, రోడ్డు, రైలు మార్గాల్లో వెళుతుంది కాబట్టి ఆలస్యమవుతుంది. పుస్తకం మీద ముద్రాపకుడిదో ప్రచురణకర్తదో పేరు అచ్చయి ఉండాలి. పెట్టెలో పుస్తకాలని పడుకోబెట్టి పేర్చి, వెన్నులు ఒకసారి ఇటు ఒకసారి అటు వచ్చేలా మార్చి, ఖాళీల్లో పాత పేపరు కుక్కండి. కట్టకి ముందు ప్లాస్టిక్ షీటు చుట్టాలి, అక్టోబరు తరవాత అయితే రెండు చుట్లు. 5 కిలోలంటే 200 పేజీల పుస్తకాలు ఇరవై దాటవు. అంతకు మించితే రెండు కట్టలు చేయండి.